ఎదురుతన్ను

నల్లగొండ ఆర్మ్‌డ్ రిజర్వ్ గ్రౌండ్‌ల
పొద్దున ఏడింటికి
ఆయుధాల కొట్టు తాళం తీసిండు మొహసిన్ సాబ్.
అత్తరు వాసన మీద తుపాకి నూనె వాసన.

"ఏ చెయ్యి?" అనడిగిండు.
కుడి, అన్న.
"జర సూపియ్యి."

సూపిచ్చిన.
మర్రిగూడ నీళ్లు తాగి పెరిగిన చెయ్యి.
మణికట్టు కాడ బొక్క మొండికేసి
వానకు ఉబ్బిన కిటికీ రెక్క లెక్క
తెరుసుకుంటది గని, కిర్రుమంటది.
సెలెక్షన్ల పరుగు చూసిండ్రు, ఎత్తు కొలిసిండ్రు,
దీన్ని మాత్రం ఎవ్వలడగలే.
గాజులామె సైజు చూసినట్టు
బొటనేలి మొదలు ఒత్తి ఒత్తి చూసిండు ముసలాయన.
నొచ్చింది. నొచ్చలేదన్న.

గుడ్డ మీద నాలుగు పిస్టళ్లు పరిచిండు.
అరచేతిల ఇమిడిపోయే పొట్టిదొకటి,
ముద్దుగున్నది, పిట్టంత బరువు.
గిదే ఇయ్యరాదె అన్న.
నవ్విండు.
"అల్కటిదే ఎక్కువ తంతది బిడ్డా.
బరువున్నది దెబ్బ తానే తింటది,
నీ దాంక రానియ్యది.
ఇంట్ల మనుషులు గూడ గంతే."

రెండోది నల్లటిది. కొత్తది.
స్లైడు గుంజబోతే రాలే.
స్ప్రింగు బిగువు, నా మణికట్టు బిగువు
రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నయి.
"గుంజకు, నూకు" అన్నడు,
"ఎడమ చేత్తోని పైన పట్టుకో,
కుడి చేత్తోని పిడి ముంగటికి నూకు.
బోరింగు కొట్టినవా ఎన్నడన్న?"

కొట్టిన సాబ్.
ఆరేండ్ల దాన్ని, కడ్డీకి యేలాడి కొట్టిన.
చెయ్యి జారితే అది పైకి లేసి
గదుమ కింద తన్నింది. పాలపన్ను రాలింది.
అమ్మ దాన్ని ఇంటి కప్పు మీదికి ఇసిరింది,
బిందె మాత్రం నింపుకునే రమ్మన్నది.
ఆ నీళ్లే ఇగో ఈడ గూసున్నయి, బొక్కల్ల.
నన్ను తన్నిన మొదటి ఇనుము
తుపాకిది కాదు.

గుట్ట కింద రేంజు.
మూడోది నా చేతికిచ్చిండు:
పాతది, ఉక్కుది, పిడికి రబ్బరు తొడుగు.
మోచెయ్యి బిర్రు చెయ్యకన్నడు,
ఊపిరి సగం ఇడిసి ఆగుమన్నడు.
మొదటి గుండు గుట్టకు పోయింది.
కౌజులు లేసినయి. సప్పుడు తిరిగొచ్చింది.
రెండు, మూడు అట్ట అంచుకు.
నాలుగోది యాడ పోయిందో దేవునికే ఎరుక.
ఐదోదానికి చెయ్యి
ఎనకసీటుల కూసున్న చెల్లె
భుజం తట్టి పిలిచినట్టు
అంతే కదిలింది.

"ఆరామ్‌గ ఉన్నదా?"

ఆ మాట కాడ ఆగిన.
చెప్పుల దుకాణంల అడిగే మాట అది.
ఎదురుంగ అట్టమనిషి,
మొకం లేదు, పొట్ట మీద పేపరు చినిగి
గాలికి అల్లాడుతున్నది.
ఈ పక్క ఎంత మెత్తగున్నా
ఆ పక్కకు మెత్తనుండదు గదా సాబ్,
అందామనుకున్న. కొత్త ఎస్సైని. అనలే.

మల్ల నూనె పట్టిచ్చుకుంట ఆయనే చెప్పిండు,
నన్ను చూడకుంట, గుడ్డను చూసుకుంట:
"ముప్పైయేండ్లాయె పంచుడు, తీసుకునుడు.
తిరిగొచ్చినప్పుడు రిజిస్టరు తరువాత,
ముందుగాల వాసన చూస్త.
కాలకుంట వస్తే
ఆ దినం ఛాయ్ తియ్యగుంటది."

సంతకం పెట్టిన. నంబరు నలభై ఒకటి.
దేవరకొండ బస్సుల కిటికీ పక్కన కూసున్న.
నడుముకు బరువు, మల్లేపల్లి దాంక
ఎడమ పక్కకు వాలి కూసున్ననని
దిగేటప్పుడు తెలిసింది.

మూడు నెలలకు తనిఖీకి తెచ్చిన.
గొట్టం ముక్కు కాడ పెట్టుకున్నడు,
కండ్లు మూసుకున్నడు.
మంచిదనలే, చెడ్డదనలే.
క్యాంటీన్ పోరన్ని కేకేసి
రెండు ఛాయ్‌లు చెప్పిండు, చక్కెర ఎక్కువని.

గిలాస ఎత్తబోతే
మణికట్టు కిర్రుమన్నది.
ఎడమ చెయ్యి మార్చుకున్న.